పెనుకొండ ఎక్కుడులో మా అత్త

మా అత్త పోయిందన్న కబురు నాకు పెనుకొండలో, నేను పాఠాలు చెప్పే బడిలో అందింది. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ పోయింది. నువ్వు బస్సెక్కొద్దు, నేనే వచ్చి పిల్చుకోని పోతా" అన్నాడు. మళ్లీ, "నేనెట్లా వస్తా, అమ్మ దగ్గర ఎవరుంటారు" అని తనలో తానే అనుకున్నట్టు అన్నాడు. నేను బస్సులోనే హిందూపురం వెళ్ళాను. దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. పక్క సీటులో ఉన్న పెద్దావిడ ఏమీ అడగకుండా నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది.

మనిషి పోయినా ఫోన్ మాత్రం కొన్నాళ్లు బతికే ఉంటుంది. కర్మలు జరుగుతున్న రోజుల్లో కూడా ఆమె ఫోన్ మోగుతూనే ఉంది. కదిరి నుంచి ఒకాయన, "అమ్మ ఉండాదా? బండి తీసుకోని వస్తాండా" అన్నాడు. లేదన్నా అంటే, ఎప్పుడొస్తాది అని అడిగాడు. చెప్పాను. ఆయన, "నా బండి ఆమె చేతి చలవతో పోతాండాది తల్లీ" అని పెట్టేశాడు. ఇట్లాంటివి ఎన్ని వచ్చాయో. ఒక్కొక్కరికీ చెప్పడం కన్నా ఒకసారి రాసిపెడితే మంచిదనిపించి ఇది రాస్తున్నాను.

మా అత్త కార్ల ఇంజన్ కంప్యూటర్లను ట్యూన్ చేసేది. ఈ మాట చెబితే కొత్తవాళ్లు సరిగ్గా విన్నామా లేదా అన్నట్టు నా ముఖం చూస్తారు. ఇప్పటి డీజిల్ కార్లన్నిటిలో అరచేతి వెడల్పున ఒక కంప్యూటర్ ఉంటుంది. ఇంజన్‌కు ఎప్పుడు ఎంత డీజిల్ పోవాలి, ఎంత గాలి పోవాలి అన్నది దాని లోపలి లెక్కలే చెబుతాయి. ఆ లెక్కలు మారిస్తే బండి నడక మారుతుంది. పికప్ పెంచమనీ, మైలేజీ పెంచమనీ, ఎక్కుడులో, అంటే ఎత్తు రోడ్డులో, ఆయాసం తగ్గించమనీ జనం వచ్చేవాళ్లు. హిందూపురంలో మా ఇంటి ముందరి షెడ్డులో, ఒక స్టూలు మీద కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆమె ఈ పని చేసేది.

ఆమె పుట్టింది ధర్మవరంలో, మగ్గాల ఇంట్లో. వాళ్ల నాయన నేసేవాడు కాదు, అట్టలు కొట్టేవాడు. పట్టుచీర అంచులో హంస రావాలంటే ముందు గళ్ల కాగితం మీద హంసను గీయాలి. ఆ గళ్ల ప్రకారం అట్టలకు చిల్లులు పెట్టాలి. ఆ అట్టలను దండలా కుట్టి మగ్గం పైన కొక్కేలతో పోగులు లేపే జాకార్డు యంత్రానికి ఎక్కిస్తే, ఏ పోగు లేవాలో ఏది కింద ఉండాలో ఆ చిల్లులే చెబుతాయి. ఈమె చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని గళ్లు చదివి చెప్పేదట. పెళ్లయి హిందూపురం వచ్చింది. మా మామది బళ్లలోని డీజిల్ పంపులు బాగుచేసే షాపు. కంప్యూటర్ ఇంజన్లు వచ్చాక పాత పంపుల పని తగ్గిపోయింది. మా మామ దిగులుపడి కూర్చుంటే ఈమె బెంగళూరు పోయి పని నేర్చుకుని వచ్చింది. మొదటిసారి తెర మీద ఇంజన్ లెక్కల పట్టిక చూసి, "ఇది మా నాయన గళ్ల కాగితమే గదా" అందట. మా మామ బతికున్నన్నాళ్లు ఈ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి మురిసిపోయేవాడు.

వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. చౌకలో చేయించుకోవాలా, ఖరీదు పెట్టి చేయించుకోవాలా? మా అత్త ఈ ప్రశ్నకు ఒక్కొక్కరికి ఒక్కోలా జవాబు చెప్పేది. అందుకని ఆమెకు నిలకడ లేదని కొందరు అనుకునేవాళ్లు.

అన్నిటికన్నా చౌకది ఒక చిన్న పెట్టె. దాన్ని ఇంజన్ దగ్గర ఒక వైరు మధ్యలో తగిలిస్తారు. డీజిల్ ఒత్తిడి తక్కువగా ఉందని అది కంప్యూటర్‌కు అబద్ధం చెబుతుంది. కంప్యూటర్ నమ్మి ఇంకొంచెం పంపిస్తుంది. మా అత్త దాన్ని చాడీల పెట్టె అనేది. "ఇంట్లో చాడీలు చెప్పేవాళ్లుంటే నాలుగు దినాలు పని చురుగ్గానే జరుగుతాదప్పా. ఆ పైన చూడు" అనేది. అత్తాకోడళ్లున్న ఇంటి వాకిట్లో ఈ మాట అంటే వివరంగా చెప్పాల్సిన పనిలేదు. వచ్చినవాళ్లు నావైపు చూసి నవ్వేవాళ్లు, నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయేదాన్ని.

దాని పై మెట్టు రెడీమేడ్ ఫైలు. ఎవరో ఎక్కడో ఆ పేరున్న బండికి చేసిన లెక్కలు తెచ్చి మన బండి కంప్యూటర్‌లో రాసేస్తారు. మనం టీ తాగి వచ్చేలోగా అయిపోతుంది. ఖరీదైన పద్ధతి వేరు. ముందు బండి పాత లెక్కలు జాగ్రత్తగా తీసి పెట్టుకోవాలి. ఆ తర్వాత ఆ బండిలోనే కూర్చుని, నడిపించి, అది ఎంత గాలి పీలుస్తోందో ఎంత వేడెక్కుతోందో చూసి, కొంచెం మార్చి, మళ్లీ నడిపించి చూడాలి. దీనికి రోజులు పడతాయి. మా అత్త చేసేది ఇదే. అయినా అందరికీ ఇదే మేలని ఆమె ఎప్పుడూ అనలేదు. "వంటింట్లో కట్టుకునే చీరకు జరీ ఏలప్పా?" అని కొందరిని వెనక్కి పంపేది. అరిగిపోయిన బండి తెచ్చి ట్యూనింగ్ అడిగితే, "ఇంజన్‌కు గాలి తోసే టర్బో గొట్టం చిరిగిండాది, గాలి ఫిల్టరు మట్టి కొట్టుకోని ఉండాది. అవి మార్చుకో, సగం ట్యూనింగ్ అదే" అనేది. చౌకపని చేసేవాళ్ల మీద ఆమెకు కోపం లేదు. "చౌక తప్పు కాదు. మరమగ్గం చీరను చేమగ్గం చీరని అమ్మేది తప్పు" అనేది. ధర్మవరం మనిషి నోట ఆ మాట వస్తే ఎంత నొప్పితో వస్తుందో ఆ ఊరివాళ్లకు తెలుసు.

ఆమెకు కోపం వచ్చేది ఒక్క నల్ల పొగ దగ్గరే. సైలెన్సర్ నుంచి గుప్పుగుప్పున పొగ రావాలని కొందరు కుర్రాళ్లు అడిగేవాళ్లు. "పొగ కావాలంటే ఇంటికి పోయి పచ్చికట్టెలు పొయ్యిలో పెట్టుకో" అని తరిమేసేది. వాళ్లు పోయాక ఆ కోపం కాసేపు మా మీద చూపించేది. అట్లాంటప్పుడు ఆమెకు ఎదురుపడకుండా ఉండడం మేమంతా నేర్చుకున్నాం. మరమరాలతో చేసే బొరుగుల ఒగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు పంపిస్తే చల్లబడేది. వాటిని ల్యాప్‌టాప్ మీదే పెట్టుకుని తినేది. మీటల సందుల్లో దూరిన బొరుగులు దులపడం నా వంతు.

ల్యాప్‌టాప్ తెరవకముందు ఆమె ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి అడిగే మాటలుండేవి. "బండి యాడికి పోతాది? ఎవరెవరు కూర్చుంటారు? దీంతో నీకేం బాధ?" కొందరు విసుక్కునేవాళ్లు. డాక్టరు దగ్గరికి వచ్చామా బండి బాగుచేసుకోవడానికి వచ్చామా అనేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు. అవన్నీ విన్నాక, బండి యజమాని చేతనే నడిపిస్తూ పెనుకొండ ఎక్కుడు దాకా పోయి వచ్చేది. పాటలు పెట్టనిచ్చేది కాదు. ఎక్కుడులో ఇంజన్ ఏమంటుందో, నడిపేవాడు ఏమంటాడో రెండూ వినాలనేది.

ఇట్లా ఊరందరినీ అడిగే మనిషి ఒక్కరిని అడగలేదు. ఆ ఒక్కరు మా ఆయన.

ఆయన ధర్మవరంలో నేతగాళ్ల దగ్గర చీరలు తీసుకుని హిందూపురం, బెంగళూరు షాపులకు వేస్తాడు. దానికోసం ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. వెనక సీట్లు మడిచి మూటలు నింపుకుంటాడు. కొన్న నాటి నుంచి, "అమ్మా, నా బండి కొంచెం చూడు" అంటూనే ఉన్నాడు. ఈమె, "చీరలు మోసే బండికి ఉరుకులెందుకప్పా? అట్లే ఉండనీ" అనేది. ఇంకోసారి అడిగితే, కదిరి బండి ఉంది, ఆ తర్వాత చూద్దామనేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఇక్కడ వైద్యం చేసే చెట్టుకే పెరట్లో మనిషి కనబడలేదు. "ఊర్లో అందరి బండికీ నీకు టైముంటాది, నా బండికే ఉండదు" అని ఒకనాడు అన్నాడు. ఆ వారమే బెంగళూరు పక్క ఎవరి దగ్గరో రెడీమేడ్ ఫైలు వేయించుకుని వచ్చాడు.

ఇంటిముందు బండి ఆపుతుంటే ఆమె వంటింట్లో ఉంది. చప్పుడు విని గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. బండిని చూసింది, కొడుకును చూసింది, లోపలికి పోయింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు. "సంగటి చల్లారిపోతాండాదని వాడికి చెప్పు పాపా" అని ఆమె అనేది. "తింటానులే అని చెప్పు" అని ఈయన అనేవాడు. ఇద్దరూ ఉండేది ఒకే గదిలో. మధ్యలో నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీ. మొదట్లో నవ్వొచ్చేది. పండగలు వచ్చిపోయినా అట్లాగే ఉంటే భయం వేసింది. అప్పటికే ఆమె మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఈ ఇద్దరూ ఇట్లా ఉండగానే ఏమన్నా అయితే ఈయన జన్మలో తేరుకోడని నాకు తెలుసు.

ఒక సాయంత్రం బడి వదిలే వేళకు ఆయన ఫోన్ చేశాడు. ధర్మవరం నుంచి పెళ్లి చీరల మూటలతో వస్తుంటే పెనుకొండ ఎక్కుడులో బండి పట్టు వదిలేసిందట. ముందర ఇంజన్ బాగాలేదని చెప్పే పసుపుపచ్చ లైటు వెలిగి, ఎంత తొక్కినా ముసలి ఎద్దులా నడుస్తోందట. నేను ఆటోలో పోయాను. ఆయన రోడ్డు పక్క కల్వర్టు మోరీ మీద కూర్చుని ఉన్నాడు. అత్తకు ఫోన్ చేస్తానన్నాను. వద్దన్నాడు. వద్దంటూనే ఫోన్ తీస్తున్న నా చేతిని ఆపలేదు.

ఆమె బస్సు దిగి, ల్యాప్‌టాప్ సంచిని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నడిచి వచ్చింది. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. ఆమె నేరుగా బండెక్కి, వైరు తగిలించి, "పోనీ" అంది. నాతో కాదు, కొడుకుతో. మూటల సందున నేనూ ఇరుక్కున్నాను. బండి మూలుగుతూ కొంతదూరం పోయింది. ఆమె తెర మీద గీతలు చూసి పక్కకు ఆపించింది.

"ఈ పేరుతో రెండు రకాల బళ్లుండాయి" అంది. "నీది చిన్న టర్బో. పెద్ద టర్బో బండి లెక్కలు దీంట్లో పెట్టినారు. అంత గాలి ఇది యాడనుంచి తెస్తాది? మా నాయన చెప్తాండె. ఎక్కువ కొక్కేల జాకార్డుకు కొట్టిన అట్టలు తక్కువ కొక్కేల దానికి ఎక్కిస్తే హంసకు తల రాదని."

"పాతది ఎక్కించమ్మా, చాలు" అన్నాడు ఆయన. చాలా నెలల తర్వాత ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

"ఎక్కిస్తా. నువ్వు కొన్నప్పుడే తీసిపెట్టుకోని ఉండా. అది కాదు. ఈ బండితో నీకేం బాధ? చెప్పు."

ఆయన స్టీరింగ్ మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు.

"ఎవరొచ్చినా అడుగుతా. నిన్ను అడగలే. కన్నకొడుకు గదా, నాకు తెలుసులే అనుకుంటి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంట, అట్లుండాది నా కత."

ఆయన స్టీరింగ్ వైపే చూస్తూ చెప్పాడు. "మూటలుంటే ఈ ఎక్కుడులో ఊరికే గేరు దించల్ల. దించినప్పుడంతా బండి కుదుపుతాది. నువ్వు కూర్చున్నప్పుడు కుదిపిన ప్రతిసారీ నడుం పట్టుకుంటావు. నేను చూస్తానే ఉండా. అది పోవల్ల. ఉరుకులు కాదు నాకు కావాల్సింది."

"అది చెప్పల్ల గదప్పా."

"నువ్వు అడగలే గదా."

ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. వెనక కూర్చున్న నాకు ఆమె భుజాలు మాత్రం కనబడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, అక్కడున్న ముగ్గురిలో దాచుకోనిది నేనొక్కదాన్నే. కాసేపటికి ఆమె పైట చెంగుతో ముఖం తుడుచుకుని పాత లెక్కలు ఎక్కించే పనిలో పడింది. ఆ తర్వాత బండి కుంటకుండా మమ్మల్ని ఇంటికి చేర్చింది. దారిలో ఇద్దరూ మాట్లాడుకున్నది చీరల రంగుల గురించి మాత్రమే. నన్ను మాత్రం ఎవరూ ఏమీ చెప్పమనలేదు.

ఆ తర్వాత ఆదివారాలు ధర్మవరానికీ పెనుకొండకూ మధ్యే గడిచాయి. ఆమె కొంచెం మార్చడం, ఆయన నడపడం, మళ్లీ మార్చడం. బరువు లేకుండా చూస్తే బండి అబద్ధం చెబుతుందని ఆమె నమ్మకం. మూటలు లేని వారాల్లో బియ్యం బస్తాలు వేయించేది. "నువ్వు కూడా రా పాపా, బరువు చాలలేదు" అని నన్ను ఎక్కించుకునేది. నన్ను ప్రేమతో పిలుస్తోందా, బస్తాల లెక్కలో వేస్తోందా అని నేను అలిగితే ఇద్దరూ కలిసి నవ్వేవాళ్లు. తల్లీకొడుకులు ఒకే నవ్వు నవ్వుతారని అప్పుడే గమనించాను. "ఇప్పుడెట్లుండాది?" అని ఆమె అడగడం, "ఇంకొంచెం మెత్తగా" అని ఆయన అనడం. ఊళ్లోవాళ్ల బళ్లకు ఆమె అంత ఓపిక చూపడం నేను చూడలేదు. పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అయిపోయిందని ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

మరుసటి ఏడాదికి ఆమె గుండె బాగా బలహీనపడింది. బెంగళూరు ఆసుపత్రికి ఆ కారులోనే తిప్పాం. ఇక చేసేదేమీ లేదని, ఇంట్లో పెట్టి చూసుకోమని డాక్టర్లు చెప్పాక, ఆమె ధర్మవరం పోయి తమ్ముణ్ని చూసి వస్తానంది. ఇంత నీరసంలో ఎందుకన్నాం. వినలేదు. పోయి చూసింది, తమ్ముడి చేయి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు కారు నిండా చీరల మూటలున్నాయి. పెనుకొండ ఎక్కుడు మొదలైంది. ఆయన గేరు ముట్టుకోలేదు. బండి ఒక్క కుదుపు లేకుండా ఎక్కుతోంది. నడుం ఎట్లా ఉందని అడగబోయి ముందుకు వంగాను. ఆమె నిద్రపోతోంది.

మా అత్త బండిలో నిద్రపోయే మనిషి కాదు. బస్సులో కూడా ఇంజన్‌కు చెవి అప్పగించి కూర్చునేది. పక్కవాళ్లు పలకరిస్తే చెయ్యెత్తి ఆగమనేది. అట్లాంటి మనిషి, తల ఒక పక్కకు వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని, ఆ ఎక్కుడు మొత్తం నిద్రపోయింది. ఆయన నావైపు అద్దంలో చూసి, పెదవులు మాత్రం కదిలిస్తూ, "అమ్మ నిద్రపోయింది" అన్నాడు. పెళ్లినాడు కూడా ఆయన ముఖం అంత వెలగలేదు. ఆ నెలలోనే ఆమె వెళ్ళిపోయింది.

షెడ్డు ఏం చేస్తారని అందరూ అడుగుతున్నారు. మాకింకా తెలియదు. ఇంజన్ కంప్యూటర్లలో చౌకది మంచిదా, ఖరీదుది మంచిదా అని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. మా ఇంట్లో ఒక బండి ఉంది. దాన్ని బాగుచేసిన మనిషి, బాగుచేసే ముందు దాని యజమానిని అడిగింది. ఆలస్యంగా అడిగింది. అయినా అడిగింది. అందుకు ఆమెకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మొన్న ఆదివారం ధర్మవరం నుంచి వస్తూ నేను ముందు సీటులో కూర్చున్నాను. మా అత్త పొట్టి మనిషి. కాళ్లు కిందికి ఆనాలని ఆ సీటును పూర్తిగా ముందుకు లాక్కునేది. అది ఇంకా అట్లాగే ఉంది. నేను పొడుగు, మోకాళ్లు ముందర డాష్‌బోర్డుకు గట్టిగా ఒత్తుకుంటున్నాయి. వెనక్కి జరుపుకోమని ఆయన అనలేదు. సీటు కింది మీట మీదికి పోయిన చేతిని నేనే వెనక్కి తీసుకున్నాను. అట్లాగే మోకాళ్లు ముడుచుకుని హిందూపురం దాకా కూర్చున్నాను.